కారు మైనం డబ్బా: ఆ మెరుపు వెనక ఉన్నదేమిటి?

పాత కార్ల గురించి మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్లలో ఒక దృశ్యం తప్పకుండా వస్తుంది. ఆదివారం పొద్దున్నే పోర్టికోలో అంబాసిడరో ఫియటో నిలబడి ఉంటుంది. పక్కన బకెట్టు, పసుపుపచ్చ ఫ్లానెల్ గుడ్డ, గుండ్రటి రేకు డబ్బా. మూత తీస్తే టర్పెంటైన్, కిరసనాయిలు కలిసినట్టుండే ఘాటైన వాసన. డబ్బాలో గట్టిపడిన పసుపు మైనాన్ని గుడ్డతో గీకి, బానెట్ మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రాయాలి. అది ఆరి తెల్లటి పొరలా కనిపించగానే ఇంకో పొడిగుడ్డతో తుడవాలి. మధ్యాహ్నం భోజనాల వేళకు తలుపు మీద మొహం కనిపించేది.

"ఇప్పటి కార్లకు ఆ మెరుపు ఎక్కడిది?" అన్న మాట కూడా ఈ జ్ఞాపకం వెంటే వస్తుంది. దాన్ని కొంచెం ఆగి పరిశీలించాలి. ఆ కార్లు అంతలా మెరవాలంటే అంతలా రుద్దాల్సి వచ్చేది, ఎందుకంటే వాటి రంగు బలహీనమైనది. రుద్దిన చేతులు కూడా చాలాసార్లు యజమానివి కావు. అంటే మైనం డబ్బా కథలో రసాయనశాస్త్రంతో పాటు కూలి కథ కూడా ఉంది.

వార్నిష్ నుంచి డ్యూకో దాకా

తొలి కార్లకు గుర్రపు బగ్గీల పద్ధతిలోనే రంగు వేసేవారు. నూనె రంగును కుంచెతో పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూసి, చివర్లో వార్నిష్ వేసేవారు. ఒక్కో కారుకు వారాలు పట్టేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చి, ఆయన మరణం తర్వాత హైదరాబాద్ చేరిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ కాలపుదే. దాని బాడీని కట్టిన లండన్ సంస్థ బార్కర్ కూడా అసలు బగ్గీలు కట్టే సంస్థే. అలాంటి వార్నిష్ ఎండకు పసుపుపచ్చబడేది, చిట్లేది. దాన్ని కాపాడుకోవడానికి వాడిన పాలిష్‌లు కొత్తవేమీ కావు. కలప సామాను, చెక్క నేలల కోసం అప్పటికే ఉన్నవే.

కార్ల ఉత్పత్తి పెరిగేకొద్దీ వారాల తరబడి ఆరబెట్టడం ఫ్యాక్టరీలకు గుదిబండ అయింది. ఫోర్డ్ మోడల్ టి 1914 నుంచి 1925 దాకా నలుపు రంగులో మాత్రమే వచ్చిందన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ పరిస్థితిని మార్చింది అమెరికాలో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి తెచ్చిన డ్యూకో అనే రంగు. 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లతో అది మార్కెట్లోకి వచ్చింది. పత్తి నూగును నైట్రిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తే వచ్చే నైట్రోసెల్యులోజ్ దీని మూలపదార్థం. పాత సినిమా రీళ్లు, తుపాకీ మందు కూడా ఈ కుటుంబానికి చెందినవే. పిచికారీ చేస్తే గంటల్లో ఆరిపోయేది. ఎన్ని రంగులు కావాలంటే అన్ని రంగులు.

ఆ పేరు మన దేశంలో ఇప్పటికీ బతికే ఉంది. వార్డ్‌రోబ్ తలుపులకు "డ్యూకో ఫినిష్" వేయిస్తారా, లామినేట్ వేయిస్తారా అని ఇంటీరియర్ మేస్త్రి అడుగుతాడు. కార్ల పెయింటు పేరు కార్ల మీద కనుమరుగై అల్మరాల మీద మిగిలింది.

ఈ రంగుకు ఒక లోపం ఉంది. పిచికారీ చేశాక దానంతట అది పెద్దగా మెరవదు, రుద్ది మెరిపించాలి. ఎండలో ఉంచితే పై పొరలోని జిగురు పదార్థం అతినీలలోహిత కిరణాలకు విరిగిపోతుంది. లోపలి రంగుపొడి బయటపడుతుంది. సున్నం కొట్టిన గోడకు చెయ్యి ఆనిస్తే అంటుకున్నట్టు, అలాంటి కారును తాకితే వేళ్లకు రంగు అంటుతుంది. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన సింథటిక్ ఎనామిల్ కొంత నయం. కానీ మన ఎండలకు అదీ వెలిసిపోయేది, ముఖ్యంగా ఎరుపు, మెరూన్ రంగులు. తెల్ల కారు కూడా పొడి రాలుస్తుంది గానీ తెలుపు మీద తెల్లపొడి కంటికి అంతగా ఆనదు. సర్కారీ అంబాసిడర్లు తెల్లగా ఉండటానికి అది కారణం కాకపోయినా, వాటిని తుడిచే డ్రైవర్లకు కొంత మేలే జరిగింది.

పాలిష్ వేరు, మైనం వేరు

మనం రెండింటినీ కలిపి "పాలిష్" అనేస్తాం. పనితీరు చూస్తే రెండూ దాదాపు ఎదురెదురు.

పాలిష్‌లో మెత్తటి రాపిడి పొడి ఉంటుంది. అది వెలిసిన పై పొరను కొద్దికొద్దిగా అరగదీసి, కింద ఉన్న తాజా రంగును బయటికి తెస్తుంది. పెయింట్ షెడ్లలో వాడే రబ్బింగ్ కాంపౌండ్ దీనికి పెద్దన్న. అందుకే ఎర్ర కారును తుడిచిన గుడ్డ ఎర్రగా, నీలం కారును తుడిచిన గుడ్డ నీలంగా మారేది. దాన్ని మురికి వదలడం అనుకునేవారు చాలామంది. నిజానికి గుడ్డకు అంటింది కారు రంగే.

మైనం దేన్నీ తొలగించదు. సన్నటి పొరలా పరుచుకుని, కంటికి కనిపించనంత చిన్న గీతలను పూడ్చి, వెలుగు చెదిరిపోకుండా చేస్తుంది. నీటిని నిలవనివ్వదు. "మైనం రంగుకు పోషణ ఇస్తుంది" అని పాత ప్రకటనలు ఊదరగొట్టేవి. రంగు ఏమీ తినదు. అది ఒట్టి వ్యాపార భాష. మైనం పొర ఆయుష్షు కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. మళ్లీ రాయాల్సిందే.

దీన్నిబట్టి ఒక విడ్డూరం తేలుతుంది. కారును ప్రేమించి నెలనెలా పాలిష్ పట్టించినవారి కారుకే రంగు ముందుగా పలచబడేది. బానెట్ అంచులు, మడ్‌గార్డు మలుపులు, తలుపు గీతల దగ్గర కింది ప్రైమర్ తొంగిచూసేది. పాత కార్లను చూసేటప్పుడు అలాంటి అంచులు కనబడితే అది నిర్లక్ష్యం అనుకోకండి. చాలాసార్లు అది అతిశ్రద్ధకు గుర్తు.

నేల మైనం కార్లెక్కిన కథ

ఈ డబ్బాల చరిత్రలో ఎక్కువ భాగం అమెరికాలో, అందులోనూ షికాగో చుట్టుపక్కల జరిగింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసీన్ అనే ఊళ్లో శామ్యూల్ జాన్సన్ 1886లో చెక్క నేలలు పరిచే వ్యాపారం మొదలుపెట్టాడు. నేలను ఎలా చూసుకోవాలని కొన్నవాళ్లు అడగడంతో మైనం తయారు చేశాడు. నేలల వ్యాపారం వెనకబడి, మైనమే కంపెనీ అయింది. జాన్సన్స్ వాక్స్ పేరుతో అది తర్వాత కార్లకూ ఎక్కింది. మెగ్వయర్స్ కథా అంతే. ఫ్రాంక్ మెగ్వయర్ 1901లో మొదలుపెట్టింది కలప సామాను పాలిష్‌తో. ఆ కుటుంబ కంపెనీని 2008లో 3ఎం కొనుక్కుంది.

కార్లకోసమే పుట్టి ఇంటింటి పేరైంది సైమనైజ్. 1910 నాటి ఈ షికాగో కంపెనీ రెండు డబ్బాలు అమ్మేది. మొదటిది వెలిసిన రంగును తీసే క్లీనర్, రెండోది మైనం. పేరు ఎంత పాకిందంటే కారును మైనంతో మెరిపించడాన్ని అమెరికన్ ఇంగ్లీషులో సైమనైజ్ చేయడం అనేవారు, అది నిఘంటువుల్లోకీ ఎక్కింది. మనం ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టే. దాన్ని తుడవడానికి భుజాలు పడిపోయేవని కూడా ఆ తరం చెప్పుకునేది. మైనం ఎంత గట్టిదైతే మెరుపు అంత ఎక్కువ నిలుస్తుంది, తుడిచే శ్రమా అంత ఎక్కువ.

ఆ శ్రమను తగ్గించే పోటీలోంచే 1940లలో టర్టిల్ వాక్స్ వచ్చింది. షికాగోకు చెందిన బెన్ హిర్ష్ ప్లాస్టోన్ పేరుతో ద్రవరూపంలో పాలిష్ తయారు చేసి, ఆగి ఉన్న కార్ల మీద రాసి చూపించి అమ్మాడని ఆ కంపెనీ చెప్పుకునే కథ. విస్కాన్సిన్‌లో టర్టిల్ క్రీక్ అనే వాగు పేరు విన్నాక తాబేలు బొమ్మ డబ్బా ఎక్కిందట. తాబేలు డొప్పలా గట్టి పొర అన్న పోలిక జనానికి ఇట్టే అర్థమైంది.

1950ల నుంచి ఈ పాలిష్‌లలో సిలికాన్ నూనెలు చేరాయి. రాయడం, తుడవడం తేలికైంది. కానీ పెయింటర్లకు తలనొప్పి మొదలైంది. సిలికాన్ అంటిన చోట కొత్త రంగు సరిగా పట్టదు. చేపకళ్లలాంటి గుంటలు పడతాయి. పేరున్న పెయింట్ షెడ్లలో ఇప్పటికీ సిలికాన్ డబ్బాను గడప దాటనివ్వకపోవడానికి కారణం ఇదే.

తాటిచెట్టుకు దూరపు చుట్టం

మంచి మైనం అనగానే వినబడే పేరు కార్నౌబా. ఇది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాళజాతి చెట్టు. విసనకర్రలాంటి ఆకులతో చూడటానికి మన తాటిచెట్టుకు చుట్టంలా ఉంటుంది. అక్కడి పొడి వాతావరణంలో నీరు ఆవిరైపోకుండా ఆకుల మీద మైనం పొర ఏర్పడుతుంది. వానలు లేని నెలల్లో ఆకులు కోసి, ఎండబెట్టి, బాదితే పొడి రాలుతుంది. దాన్ని కరిగించి వడగడితే మైనం. లేత ఆకులది లేత పసుపు, ఖరీదెక్కువ. ముదురు ఆకులది గోధుమ రంగు.

తేనెమైనం 62-64 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. కార్నౌబా 82 నుంచి 86 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సహజ మైనాల్లో ఇంత గట్టివి అరుదు. అందుకే కార్లతో పాటు బూట్ల పాలిష్, మాత్రల పైపూత, మెరిసే మిఠాయిల దాకా దీన్ని వాడతారు. ఆహార పదార్థాల పొట్లం మీద ఇ903 అని ఉంటే అది ఇదే. గట్టితనం వల్ల దీన్ని నేరుగా రాయలేం. ద్రావకాలు, మెత్తటి మైనాలు కలపాలి. "వంద శాతం కార్నౌబా" అని డబ్బా మీద రాసి ఉంటే, డబ్బా అంతా అదేనని కాదు. అందులోని మైనం భాగం అదని అర్థం.

1935లో జాన్సన్ కంపెనీ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ జూనియర్ ఈ చెట్ల కోసం నీటిమీదా నేలమీదా దిగగల సికోర్స్కీ విమానంలో రేసీన్ నుంచి బ్రెజిల్‌లోని ఫోర్టలేజా దాకా వెళ్లాడు. 1998లో ఆయన కొడుకు శామ్ అదే రకం విమానాన్ని మళ్లీ కట్టించుకుని ఆ ప్రయాణం చేశాడు. కంపెనీ చరిత్రలో ఇదో వీరగాథ. ఆ చెట్లెక్కని, విమానమెక్కని మనుషుల కథ మాత్రం చాలాకాలం బయటకు రాలేదు.

కోత పని కష్టమైనది. పొడవాటి గడకు కొడవలి కట్టి, తలెత్తి ఆకులు కోయాలి. తొడిమలకు ముళ్లుంటాయి. పైనుంచి పడే ఆకు ప్రమాదం. బాదే చోట దుమ్ము కళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పియాయి, సియారా, రియో గ్రాండె డొ నోర్టె రాష్ట్రాల కార్నౌబా తోటల్లో బానిసత్వంతో సమానమైన పరిస్థితుల నుంచి కూలీలను బ్రెజిల్ కార్మిక అధికారులు పలుమార్లు విడిపించారు. 2017లో జర్మన్ టెలివిజన్ ఏఆర్‌డీ ఒక డాక్యుమెంటరీలో ఈ సంగతి చూపించాక యూరప్‌లో గగ్గోలు పుట్టింది. అది కూడా కార్ల వల్ల కాదు, పిల్లలు తినే హరిబో జెల్లీ మిఠాయిల వల్ల. మరుసటి ఏడాది మైనం వాడే కంపెనీలు, సంస్థలు కలిసి బాధ్యతాయుత కార్నౌబా పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. పాత డబ్బాలను అల్మరాలో అపురూపంగా దాచుకునేవారి మాటల్లో వాసన, రంగు, అక్షరాల సొగసు గురించి చాలా ఉంటుంది. ఆ పసుపు పొడి ఎవరు రాల్చారన్నది మాత్రం ఎక్కడా వినబడదు. డబ్బా మీదా ఆ సంగతి ఉండదు గనక వాళ్లను మరీ నిందించలేం.

మనకు చెట్టు వేరే ఉంది. తవుడు నూనెను శుద్ధి చేసేటప్పుడు మిగిలే మైనం కూడా గట్టిదే. కార్నౌబాకు ప్రత్యామ్నాయంగా దాన్ని పాలిష్‌లలో, సౌందర్య సాధనాల్లో వాడుతున్నారు. వరి పండించే రాష్ట్రాలకు ఇది పనికొచ్చే విషయం.

లైసెన్సు కాలపు మెరుపు

భారతదేశంలో ఈ మైనం మోజుకు వేరే కారణం ఉంది. 1957-58లో ఉత్తర్‌పారాలో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ చేసిన ఫియట్ 1100, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. దాదాపు మూడు దశాబ్దాల పాటు మధ్యతరగతికి దొరికినవి ఇవే. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అలా వచ్చిన కారును మార్చడమన్న ఆలోచనే ఉండేది కాదు. ఇరవై ఏళ్లు నడవాలంటే రంగు నిలవాలి. కాబట్టి మైనం రాయడం అక్కడ సరదా వ్యాపకం, ఇక్కడ పొదుపు.

దిగుమతులపై ఆంక్షలుండటంతో విదేశీ డబ్బాలు అరుదు. వాక్స్‌పోల్ లాంటి దేశీ పాలిష్‌లు ఆటోమొబైల్ షాపుల్లో దొరికేవి. అవీ లేనిచోట వంటింటి వైద్యం సాగేది. అద్దాలకు తడిపిన న్యూస్‌పేపరు. డ్యాష్‌బోర్డుకు, రబ్బరు అంచులకు కొబ్బరినూనె. తారు మరకలకు కిరసనాయిలు. కొందరు బాడీ మొత్తం కిరసనాయిలుతోనే తుడిచేవారు. ఆ క్షణానికి నిగనిగలాడుతుంది. మరుసటి రోజుకల్లా వీధిలోని దుమ్మంతా దాని మీదే ఉంటుంది.

బంపర్లకు బ్రాసో వాడటం ఇంకో అలవాటు. ఇత్తడి కోసం చేసిన ఈ పాలిష్‌లో అమ్మోనియా, రాపిడి పొడి ఉంటాయి. కార్ల క్రోమియం పూత మైక్రాన్‌లో కొంత భాగం మాత్రమే మందం. దాన్ని పదే పదే రుద్దితే కింది నికెల్ బయటపడి పసుపు ఛాయ వస్తుంది. "క్రోమ్ పాతబడింది" అని తీర్మానించేవారు గానీ అది చాలాసార్లు మనం చేసిన అరుగుదలే.

ఇక చేతుల సంగతి. అమెరికా ప్రకటనల్లో కారు రుద్దేది నవ్వుతున్న యజమాని, పక్కన పిల్లలు. మన దగ్గర ఆ పని డ్రైవరుది, లేదంటే పొద్దున్నే వచ్చి నాలుగిళ్ల కార్లు తుడిచి వెళ్లే కుర్రాడిది. ట్యాక్సీల విషయంలో మాత్రం రుద్దేది నడిపేవాడే, మెరుపు అతని గిరాకీ. చేతి తొడుగులు, ముసుగులు ఎవరికీ లేవు. ద్రావకాల వాసన మనకు తియ్యటి జ్ఞాపకం కావచ్చు. దాన్ని రోజూ పీల్చి, వేళ్లు పగిలినవారికీ అంతే తియ్యగా ఉందని చెప్పలేం.

డబ్బా ఎందుకు పక్కకు పోయింది

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఎదురుచూపుల లెక్క మారింది. దానితో పాటు రంగుల సాంకేతికత మారింది. రంగు పొర మీద పారదర్శకమైన గట్టి పొర వేసే పద్ధతి 1980లలో ప్రపంచమంతా పాకి, తర్వాత మన ఫ్యాక్టరీలకూ చేరింది. ఈ క్లియర్ కోట్ మందం సుమారు 40-50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా తక్కువ. కానీ అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు అందులోనే ఉంటాయి. కింది రంగు ఎండకు నేరుగా చిక్కదు, గుడ్డకూ అంటదు. ఇలాంటి కారు మైనం లేకుండానే ఏళ్ల తరబడి మెరుస్తుంది. ఇప్పుడు సిరామిక్ కోటింగ్, పారదర్శక ఫిల్ములు వచ్చాయి. ఆదివారం పూట చేసే పనిని డిటెయిలింగ్ షాపులు వేల రూపాయలకు చేస్తున్నాయి.

కాబట్టి పాత కార్లే ఎక్కువ మెరిసేవన్న మాట నిజం కాదు. కొత్త కారు మెరుపు గాజు మీది వెలుగులా పదునుగా ఉంటుంది. పాత ఎనామిల్ మీద కార్నౌబా రాస్తే మెరుపు కాస్త లోతుగా, వెచ్చగా అనిపిస్తుంది. రెండూ వేర్వేరు అందాలు. నాకు రెండోదే ఇష్టం. ఆ ఇష్టానికి మూలం కళ్లలో ఉందో చిన్నతనంలో ఉందో తేల్చుకోలేను.

పాత కార్లూ తగ్గిపోతున్నాయి. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది. ముంబైలో చివరి ప్రీమియర్ పద్మిని ట్యాక్సీ వయోపరిమితి 2023 అక్టోబరులో ముగిసింది. మిగిలినవాటిలో యాభై ఏళ్లు దాటినవాటికి కేంద్రం 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు కట్టాలి, నంబరు ప్లేటులో వీఏ అక్షరాలుంటాయి. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం లాంటి అవసరాలకు రోడ్డెక్కవచ్చు. మైనం డబ్బాకు ఇప్పుడు మిగిలిన గిరాకీ ఎక్కువగా ఈ గ్యారేజీల్లోనే.

అలాంటి కారు మీ ఇంట్లో ఉంటే, తాతగారి కాలం నాటి డబ్బా దొరికిందని వెంటనే మూత తీసి రాయకండి. ద్రావకం ఆవిరై మైనం రాయిలా అయి ఉంటుంది, రాస్తే గీతలు పడవచ్చు. ఆ డబ్బాను అల్మరాలోనే ఉంచండి. ముందు రంగు మందం కొలిచే గేజి ఉన్న షాపుకు తీసుకెళ్లండి. బానెట్ అంచుల దగ్గర అంకె బాగా తక్కువగా వస్తే, పాలిష్ ఇక వద్దు, రాపిడి లేని మైనం ఒక్కటే పలచగా, నీడలో రాయమని చెబుతారు. రాశాక గుడ్డ చూడండి. దానికి కారు రంగు అంటకపోతే మీరు కొన్నది నిజంగా మైనమే.